ఏది చేతిలో, ఏది పెట్టెలో

వేసవి సెలవుల్లో శంషాబాద్ విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ల పక్కన కాసేపు నిలబడితే ఈ దృశ్యం కనబడక మానదు. నేల మీద ట్రాలీ పెట్టె బార్లా తెరిచి ఉంటుంది. ఇల్లాలు అందులోంచి చీరలు తీస్తుంటుంది, ఆయన వాటిని భుజాన వేసుకునే సంచిలోకి కుక్కుతుంటాడు. పిల్లాడు జంతికల డబ్బా పట్టుకుని నిలబడతాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు వాచీలు చూసుకుంటుంటారు. టికెట్ మీద 15 కిలోలే ఉంటే కాటా 19 చూపించింది. పైబడిన నాలుగు కిలోలకు కౌంటర్‌లో చెప్పిన డబ్బు వినేసరికి కట్టడానికి మనసొప్పలేదు. అందుకే ఈ అవస్థ.

ఇది అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు. వాళ్లు రెండు రోజులు కష్టపడి సర్దుకున్నవాళ్లే. కాకపోతే రైలుకు సర్దినట్టు సర్దారు. రైల్లో సామాను బెర్తు కింద పడితే చాలు, బరువు ఎవరూ అడగరు. అందుకని పెట్టె సర్దడమంటే ఖాళీ మిగలకుండా ఇమిడించడమేనని మనకు అలవాటైపోయింది. విమానం దగ్గర చోటు కన్నా ముందు బరువు లెక్కలోకి వస్తుంది. దాని వెంటే ఇంకో సంగతి వస్తుంది: సామానులో కొంత మన చేతిలో ఉంటుంది, మిగతాది మన కళ్ల ముందునుంచి వెళ్లిపోయి గంటల తర్వాత ఇంకో ఊళ్లో కనిపిస్తుంది. ఏ వస్తువు ఎటు వెళ్లాలో తేల్చుకోవడమే విమాన ప్రయాణానికి సర్దడంలో అసలు పని. మడతలు పెట్టడం, చుట్టడం, డబ్బాల్లో వేయడం ఆ తర్వాతి ముచ్చట.

లెక్క చేతికి అందాలంటే ఒక కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, పదేళ్ల బాబు, వాడి నాయనమ్మ. మే నెలలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా శ్రీనగర్, అయిదు రాత్రులు. మన దేశంలో తిరిగే విమానాల్లో మామూలు ఎకానమీ టికెట్‌కు సాధారణంగా మనిషికి 15 కిలోల చెకిన్ లగేజీ, 7 కిలోల క్యాబిన్ బ్యాగు ఉంటాయి. క్యాబిన్ బ్యాగు ఒక్కటే తీసుకెళ్లాలి. దాని పొడవు, వెడల్పు, మందం కలిపితే 115 సెంటీమీటర్లు దాటకూడదు. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు లాంటి చిన్నది ఇంకోటి ఉన్నా ఏమీ అనరు. అయితే కొన్ని చవక టికెట్లలో చెకిన్ లగేజీ అసలే ఉండదు. అయిదారు వందలు తక్కువకు వచ్చిందని అది కొని, విమానాశ్రయంలో పెట్టెకు విడిగా డబ్బు కడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కాబట్టి టికెట్‌లో లగేజీ అని ఉన్న గడిని ధర చూసినంత శ్రద్ధగా చూడాలి. ఎక్కువ బరువు తప్పదనుకుంటే ముందే ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో కొనుక్కోవాలి. కౌంటర్‌లో కట్టేదానికన్నా అది చవక.

మనిషికి 15 కిలోలు ఉన్నాయి కదా అని దర్జాగా 28 అంగుళాల పెట్టె దింపుతారు చాలామంది. ఆ సైజు గట్టి పెంకు పెట్టె ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు కిలోల పైన తూగుతుంది. అంటే మనకు మిగిలింది పదకొండు కిలోలు. పైగా అంత పెద్ద పెట్టెలో పదకొండు కిలోల బట్టలు వేస్తే ఇంకా బోలెడు చోటు కనిపిస్తుంది, చోటు కనిపించాక చెయ్యి ఊరుకోదు. 24 అంగుళాల పెట్టె అయితే అది నిండేసరికి బరువు కూడా ఇంచుమించు పరిమితికి వస్తుంది. కొత్తగా కొనేవాళ్లు రంగు, చక్రాలు చూసే ముందు ఖాళీ పెట్టె ఎంత తూగుతుందో అడగండి. లోపలి కాగితం మీద రాసి ఉంటుంది.

గాలి తీసేసి బట్టల్ని పలచగా నొక్కే వాక్యూమ్ కవర్లు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తున్నాయి. వాటివల్ల చోటు మిగులుతుంది గానీ బరువు తగ్గదు. మిగిలిన చోట్లో ఇంకో నాలుగు జతలు పడతాయి, కాటా దగ్గర కథ మొదటికొస్తుంది. నా మటుకు వాటిని ఒక్క స్వెటర్ల కోసమే వాడమంటాను.

ఇంట్లో తూచుకోవడం పెద్ద పనేమీ కాదు. చేత్తో పట్టుకుని వేలాడదీసే చిన్న డిజిటల్ కాటా ఉంటే మంచిదే. లేకపోయినా మనుషుల బరువు చూసుకునే కాటా చాలు. మీరు ఒకసారి ఉత్తగా ఎక్కండి, పెట్టె పట్టుకుని ఇంకోసారి ఎక్కండి, మొదటి అంకెను రెండోదాంట్లోంచి తీసేయండి. ఇంటి కాటాకూ అక్కడి కాటాకూ కొంచెం తేడా ఉంటుంది కాబట్టి 14 దగ్గర ఆగిపోవడం మేలు. ఒకే పీఎన్ఆర్ మీద ఉన్న కుటుంబానికి పెట్టెల బరువు సాధారణంగా కలిపే చూస్తారు. ఒకదాంట్లో 16, ఇంకోదాంట్లో 13 ఉన్నా సర్దుబాటవుతుంది. నలుగురికి నాలుగు పెట్టెలు అక్కర్లేదు, మూడు చాలు. నాయనమ్మ చేతికి పెట్టె ఇవ్వకుండా ఉంటే ఆమె ఊతానికి ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది.

ఇక బట్టలు. మన బట్టల బరువు మనకు తెలియదు, ఎప్పుడూ తూచి ఉండం. ఒక జీన్స్ ప్యాంటు ఆరేడు వందల గ్రాములు, కాటన్ చొక్కా రెండు రెండున్నర వందలు, మంచి పట్టుచీర బ్లౌజుతో కలిపి కిలోకు దగ్గర, మందపాటి తువ్వాలు అర కిలో, స్పోర్ట్స్ షూ జత ఎనిమిది వందల గ్రాముల వరకు ఉంటాయి. నలుగురూ తలా ఒక తువ్వాలు పెట్టుకుంటే రెండు కిలోలు పోయాయన్నమాట. ఏ హోటలైనా తువ్వాళ్లిస్తుంది. అలవాటు మానలేనివాళ్లకు మన పలచని గళ్ల తువ్వాలు ఉంది. దాని బరువు తక్కువ, గంటలో ఆరుతుంది, చలికి మెడకు చుట్టుకోవచ్చు కూడా.

శ్రీనగర్‌లో మే నెల పగలు 24, 25 డిగ్రీలు ఉంటుంది, రాత్రి 10, 11కు దిగుతుంది. నలభై దాటిన హైదరాబాద్ ఎండలో నిలబడి ఆ చలిని ఊహించుకోవడం కష్టం. భయం కొద్దీ ఇంట్లో ఉన్న ఉన్నిబట్టలన్నీ పెట్టెలోకి చేరతాయి. నిజానికి అక్కడ కావలసింది ఒకే మందపాటి కోటు కన్నా రెండు మూడు పొరలు. లోపల ఒంటికి పట్టే థర్మల్, పైన మామూలు చొక్కా, దానిపైన స్వెటరో పలచని జాకెట్టో. ఎండ వస్తే ఒక పొర విప్పేస్తారు. శ్రీనగర్ దగ్గరి గుల్మార్గ్‌లో గొండోలా అనే కేబుల్ కారు ఎక్కి అఫర్వత్ కొండ మీదికి వెళ్తే మేలో కూడా సాధారణంగా మంచు దొరుకుతుంది. ఆ మంచులో తిరగడానికి కావలసిన పొడవు కోట్లు, రబ్బరు బూట్లు దారిలో తంగ్‌మార్గ్‌లోనే అద్దెకిస్తారు. ఒక్క పూట తొడిగే వాటి కోసం హైదరాబాద్‌లో కొని, నాలుగు కిలోలు మోసి, తెచ్చి అటక మీద పడేయడం దండగ.

అయిదు రోజులకు అయిదు ప్యాంట్లు పట్టుకెళ్లేవాళ్లున్నారు. చలి ఊళ్లో చెమట పట్టదు కాబట్టి మగవాళ్లకు రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు సరిపోతాయి. వాటిలో ఒక జత ఒంటి మీదే ఉంటుంది. లోదుస్తులు, సాక్సులు మాత్రం రోజుకొకటి చొప్పున ఉండాలి, పైన ఒకటి అదనం. తడిసిన సాక్సులు అక్కడ తొందరగా ఆరవు. నాయనమ్మకు నీళ్లు పీల్చని తేలిక చీరలు నాలుగు, శాలువా, చెవులు కప్పే టోపీ, రెండు జతల సాక్సులు. పట్టుచీర కావాలని ఆమె పట్టుబడితే పెట్టండి. సెలవులకు తీసుకెళ్తున్నది ఆమె సంతోషం కోసమే కదా. దాని బదులు ఇంకేదో తీసేయండి. ఒంటి మీద ఉన్నవాటిని కాటా వేయరు. అందుకని బరువైన బూట్లు, జీన్స్, జాకెట్టు ప్రయాణం రోజున వేసుకుని వెళ్లాలి. హైదరాబాద్‌లో జాకెట్టు చేతి మీద ఉంటుంది, శ్రీనగర్‌లో దిగేసరికి ఒంటి మీదికి వస్తుంది.

తిండి దగ్గర మనవాళ్లకు ఇంకో బెంగ. అక్కడ అన్నం దొరుకుతుందో లేదోనని కుక్కరు, బియ్యం కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కశ్మీరీలు అన్నం తినే జనం. ఆ లోయలో వరి పండుతుంది, రెండు పూటలా వాళ్లు తినేది అన్నమే. మీకు కావలసింది నంజుకోవడానికి కాస్త పొడి, కాస్త పచ్చడి. అవి చెకిన్ పెట్టెలోకి వెళ్లాలి. కారం పొడి, మిరపకాయ పచ్చడి మన విమానాశ్రయాల్లో క్యాబిన్‌లోకి రానివ్వరు. కారం కళ్లల్లో కొట్టడానికి పనికొచ్చే వస్తువు కాబట్టి ఆ కట్టడి. దారిలో తినడానికి పులిహోర, చపాతీలు, జంతికలు దేశీయ విమానంలో చేత పట్టుకెళ్లవచ్చు.

పచ్చడి ఎలా కట్టాలన్నది ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న. విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున వెళ్తున్నా లోపల గాలి ఒత్తిడిని కృత్రిమంగా పెంచి ఉంచుతారు. అయితే నేల మీద ఉన్నంత ఉంచరు. ఆరు వేల నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఎంత ఉంటుందో అంత. ఊటీ ఎత్తు ఏడు వేల పైచిలుకు అడుగులు, ఆ లెక్కన అర్థం చేసుకోవచ్చు. కింద సామాను పెట్టే అరలో కూడా ఒత్తిడి అలాగే ఉంటుంది. ఇంట్లో మూత బిగించిన సీసాలో చిక్కుకున్న గాలి అక్కడ వ్యాకోచిస్తుంది. వ్యాకోచించి మూత సందులోంచి బయటికి వస్తూ ఊటను, నూనెను వెంట తెస్తుంది. పెట్టె తెరిచేసరికి తెల్ల చొక్కా ఎర్రబడటం వెనక సంగతి ఇది. కాబట్టి పచ్చడి మీద నూనె తేలేలా నింపకూడదు. ఊట వంచేసి, ముద్దగా ఉన్నది మందపాటి ప్లాస్టిక్ కవర్లో వేసి, గాలి మొత్తం నొక్కి తీసి, సీలు వేయించాలి. మిఠాయి దుకాణాల్లో, పచ్చళ్ల దుకాణాల్లో ఆ సీలు వేసే మిషన్ ఉంటుంది, అడిగితే వేసిస్తారు. దాని మీద ఇంకో కవరు, ఆపైన మూత బిగిసే డబ్బా. షాంపూ, నూనె సీసాలను చెకిన్ పెట్టెలో పెట్టేటప్పుడు చేత్తో కొంచెం నొక్కి గాలి పోయాక మూత బిగించండి. మూతకూ సీసాకూ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టడం కూడా పనిచేస్తుంది. ఇంకో మాట: కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. శ్రీనగర్ రాత్రికి అది సన్న మూతి సీసాలోంచి చచ్చినా రాదు. వెడల్పు మూతి డబ్బాలో పోసుకెళ్లండి.

ఇప్పుడు చేతి సంచి దగ్గరికి వద్దాం. నేను ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది దీని మీదే. కింద వేసిన పెట్టె ఈ రోజు రాకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న పెట్టుకుని క్యాబిన్ బ్యాగు సర్దాలి. పెట్టె రాకపోవడం రోజూ జరిగేది కాదు. విమానాశ్రయాలకు సాంకేతిక సేవలందించే సీటా సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచం మొత్తం మీద వెయ్యి మంది ప్రయాణికులకు 6.3 పెట్టెలు దారి తప్పడమో, ఆలస్యమవడమో, దెబ్బతినడమో జరిగింది. వాటిలో పెద్ద వాటా ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మార్చే చోట జరిగినదే. మన కుటుంబం ఢిల్లీలో మారుతుంది కనుక ఈ మాట వాళ్లకు వర్తిస్తుంది. ఎక్కువ పెట్టెలు మర్నాడో ఆ మర్నాడో వచ్చేస్తాయి. ఆ ఒకటి రెండు రోజులు గడవడానికి ఏం కావాలో అది చేతిలో ఉండాలి.

అన్నింటికన్నా ముందు నాయనమ్మ మందులు. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు ప్రయాణానికి సరిపడా, పైన మూడు రోజులవి అదనంగా, వాటి అట్టలతో సహా, డాక్టరు చీటీతో కలిపి ఒకే సంచిలో పెట్టి క్యాబిన్ బ్యాగులో పై అరలో ఉంచాలి. మాత్రలన్నీ విప్పి వారం డబ్బాలో పోసుకుంటే ఇంట్లో సుఖమే గానీ, దారిలో మందు పేరు చెప్పాల్సి వస్తే ఎవరికీ తెలియదు. ఇన్సులిన్ అయితే చెకిన్ పెట్టెలో వేయనే కూడదు. సామాను అరలో చలి ఎంత ఉంటుందో మన చేతిలో లేదు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. చల్లదనం నిలిపే చిన్న పౌచ్‌లో చేత పట్టుకుని, సెక్యూరిటీ వాళ్లకు ముందే చెప్పి చూపించండి. ఆమె కళ్లజోడు, చెవి మిషన్ ఉంటే దాని బ్యాటరీలు కూడా ఇక్కడే.

ఆ తర్వాత బంగారం, డబ్బు, గుర్తింపు కార్డులు, తాళాలు, ల్యాప్‌టాప్, కెమెరా. నగలు కింది పెట్టెలో పెట్టి తాళం వేశామనుకునేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. దేశీయ ప్రయాణంలో పెట్టె పోతే చట్టప్రకారం వచ్చే పరిహారానికి పరిమితి మనిషికి 20,000 రూపాయలు. నాలుగు పేటల గొలుసు అందులో పెట్టి ఆ భరోసాతో విమానం ఎక్కగలరా? అసలు అంత నగ విహారయాత్రకు ఎందుకో కూడా ఆలోచించండి.

తలా ఒక జత బట్టలు, ఒక స్వెటరు, పళ్ల బ్రష్షులు కూడా క్యాబిన్ బ్యాగుల్లో ఉంటే మొదటి రాత్రి గడిచిపోతుంది. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ కాగితం మీద అచ్చు వేయించి పెట్టుకోండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ మాత్రమే పనిచేస్తుంది. దిగగానే ఫోన్ మూగబోయి, హోటల్ చిరునామా అందులోనే ఉండిపోతే ఆ అయోమయం చెప్పనక్కర్లేదు.

కింది పెట్టెలు సర్దేటప్పుడు ఇంకో పద్ధతి పాటించండి. ఒక్కొక్కరి బట్టలు ఒక్కో పెట్టెలో పెట్టడం సహజంగా తోచే పని. దానికి బదులు ప్రతి ఒక్కరివీ రెండేసి పెట్టెల్లోకి పంచండి. ఒకటి రాకపోతే అందరికీ కనీసం సగం బట్టలు ఉంటాయి, ఒక్కరికే పూర్తిగా లేకుండా పోవు.

క్యాబిన్‌లోనే ఉండి తీరాల్సిన వస్తువు ఇంకొకటుంది, పవర్ బ్యాంక్. చాలామంది దీన్ని చార్జర్లతో పాటు పెట్టెలో పడేస్తారు. స్కానర్‌లో కనిపించగానే పెట్టె పక్కకు పోతుంది, మైకులో మన పేరు పిలుస్తారు, లోపలి నుంచి వెనక్కి పరుగెత్తి పెట్టె తెరవాలి. నిబంధన వెనక ఉన్న కారణం తెలిస్తే విసుగు రాదు. పవర్ బ్యాంక్‌లో ఉండేది లిథియం బ్యాటరీ. లోపల ఎక్కడైనా షార్ట్ అయితే దాని వేడి దాన్నే ఇంకా వేడెక్కించి నిప్పంటుకుంటుంది. సామాను అరలో మంటలార్పే వాయువు ఉంటుంది గానీ, అది ఈ రకం బ్యాటరీ లోపల పుట్టే వేడిని ఆపలేదు. క్యాబిన్‌లో అయితే పొగ కనబడిన క్షణంలో సిబ్బంది వచ్చి నీళ్లు పోసి చల్లార్చగలరు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో, ఇంకా నేల మీదే ఉన్న ఎయిర్ బూసాన్ విమానంలో తల మీది అరలో నిప్పు రేగి విమానం కాలిపోయింది. లోపలున్న వాళ్లంతా బయటపడ్డారు. పవర్ బ్యాంకే కారణం కావచ్చని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. ఆ తర్వాత విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్నే చాలా ఎయిర్‌లైన్లు నిషేధించాయి. కాబట్టి దాన్ని తల మీది అరలో కాకుండా కాళ్ల దగ్గరి సంచిలోనో జేబులోనో, తీగలతో తగలకుండా విడిగా ఉంచండి.

ఎంత పెద్దది తీసుకెళ్లవచ్చు? 100 వాట్ అవర్ల వరకు అనుమతి అడగనక్కర్లేదు. లెక్క సులభం. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే 20 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7 వోల్టులతో హెచ్చవేస్తే 74. అంటే నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. 27,000 దాటితే హద్దు దాటుతుంది. మీద అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంక్, ఉబ్బిన పవర్ బ్యాంక్ ఇంట్లోనే వదిలేయండి.

యాత్రలకు వెళ్లేవాళ్లు పూజ సామాను దగ్గర ఇబ్బంది పడతారు. కర్పూరం సులువుగా అంటుకునే పదార్థం కనుక ఏ పెట్టెలోనూ కుదరదు. అగ్గిపెట్టె, లైటరు సంగతి చెప్పేదేముంది. ఎండు కొబ్బరి సంగతి చాలామందికి తెలియదు. దానిలో నూనె ఎక్కువ, గాలి ఆడని చోట దానంతట అది వేడెక్కి రాజుకునే గుణం ఉంది. అందుకని అదీ నిషిద్ధమే. మామూలు కొబ్బరికాయను క్యాబిన్‌లోకి అనుమతించరు. అయ్యప్ప భక్తులు ఇరుముడి చేతిలోంచి వదలరు కాబట్టి, 2024లో శబరిమల సీజన్‌కు పౌర విమానయాన భద్రతా విభాగం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది, 2025 జనవరి 20 వరకు. స్వాములు వెళ్లే ముందు ఆ ఏడాది మినహాయింపు ఉందో లేదో ఎయిర్‌లైన్‌ను అడిగి వెళ్లడం మంచిది.

తిరుగు ప్రయాణం గురించి వెళ్లేటప్పుడే ఆలోచించాలి. శ్రీనగర్ నుంచి ఎవరూ ఉత్త చేతులతో రారు. అక్రోట్లు, బాదం, పాంపోర్ కుంకుమపువ్వు, శాలువాలు, బాబు పట్టుబట్టి కొనిపించే విల్లో చెక్క క్రికెట్ బ్యాటు. బ్యాటు క్యాబిన్‌లోకి రానివ్వరు, అది చెకిన్‌లోనే వెళ్లాలి. చిన్న పెట్టెలో పట్టదు, పొడవైనదాంట్లో మూలగా పెడితే పడుతుంది. అక్రోట్లు పెంకుతో కొంటే బరువులో సగానికి పైగా పెంకే, పప్పు కొనుక్కోండి. వెళ్లేటప్పుడు ప్రతి పెట్టెలో రెండు మూడు కిలోలు ఖాళీ ఉంచితే ఇవన్నీ వస్తాయి. శ్రీనగర్ విమానాశ్రయంలో తనిఖీ కూడా గట్టిగా ఉంటుంది. టెర్మినల్ చేరకముందే గేటు దగ్గర వాహనం దిగి సామానంతా స్కానర్లో వేయాలి, ఆ తర్వాత లోపల మళ్లీ తనిఖీలు. అందుకని చేతి సంచులు ఎంత తక్కువైతే అంత సుఖం, విమానం టైముకు మూడు గంటల ముందే చేరుకోవాలి.

విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇదంతా వర్తిస్తూనే, పైన ఇంకొన్ని ఉన్నాయి. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ రూపంలో పేలుడు పదార్థాలు విమానాల్లోకి తేవాలన్న కుట్ర బయటపడ్డాక, క్యాబిన్‌లో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల హద్దు వచ్చింది. సీసా సైజే లెక్క. పెద్ద సీసాలో అడుగున కాస్తే ఉన్నా తీసి పక్కన పడేస్తారు. అమెరికా వెళ్లే విమానాల్లో 2018 నుంచి పొడుల మీద కూడా కట్టడి ఉంది. చేతి సంచిలో 350 మిల్లీలీటర్ల డబ్బాకు మించి పొడి ఉంటే ఆపేయవచ్చు. కందిపొడి, పసుపు, సున్నిపిండి ఏదైనా పొడే. అవి కింది పెట్టెలో వేయండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. మీ పెట్టెలో ఏముందో అక్కడ అడిగితే దాచవద్దు. తినే వస్తువులున్నాయని చెప్పి చూపిస్తే, కుదరనిది తీసేసి మిగతాది ఇచ్చేస్తారు. చెప్పకుండా పట్టుబడితే జరిమానా. కోడిమాంసం పచ్చడి, మటన్ పచ్చడి పూర్తిగా నిషిద్ధం. మన బియ్యం తీసుకెళ్లకూడదు, ఖాప్రా అనే పురుగు భయం వాళ్లకు. పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆ ఆకుల మీద బతికే చిన్న పురుగు నిమ్మజాతి తోటలకు ప్రాణాంతకమైన తెగులును మోస్తుంది. పెరటి చెట్టు రెమ్మే కదా అని మనకు అనిపించినా, అక్కడ నారింజ రైతుకు అది బతుకు సమస్య.

దుబాయ్, సింగపూర్ వెళ్లేవాళ్లు దీనికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది గసగసాల విషయంలో. మన మసాలా కూరలో మామూలు దినుసైన గసగసాలు అక్కడ మత్తు పదార్థాల చట్టం కిందికి వస్తాయి. విడి గసగసాలే కాకుండా ఇంట్లో పట్టించిన మసాలా పొడిలో ఉన్నవీ ఇబ్బంది పెడతాయి. ఊరి నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఎవరైనా మూటకట్టి ఇది ఫలానావాళ్లకు ఇవ్వమంటే, విప్పి చూడకుండా తీసుకోవద్దు. మొహమాటపడితే జైలు పాలయ్యేది మోసినవాళ్లే. దగ్గు మందుల్లో, నొప్పి మాత్రల్లో ఉండే కోడీన్, ట్రమడాల్ లాంటివి కూడా యూఏఈలో ముందస్తు అనుమతి లేనిదే తీసుకెళ్లకూడదు. ఆ మందు వాడుతున్నవాళ్లు టికెట్ కొన్నప్పుడే డాక్టరును అడిగి ఆ పని చూసుకోవాలి.

పెట్టె మూసే ముందు చేయాల్సినవి కొన్ని. పాత ప్రయాణాల ట్యాగులు, బార్‌కోడ్ స్టిక్కర్లు పెట్టెకు అతుక్కుని ఉంటే పీకేయండి, మిషన్ ఆ పాత కోడ్ చదివితే పెట్టె ఇంకెటో పోతుంది. పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పైన ఒకటి కట్టి, లోపల బట్టల మీద ఇంకోటి పెట్టండి, పైది ఊడిపోయినా లోపలిది మిగులుతుంది. తెరిచిన పెట్టెను, మూసిన పెట్టెను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కౌంటర్‌లో ట్యాగు కట్టాక దాని మీద ఊరి కోడ్ చూడండి. శ్రీనగర్ అయితే ఎస్ ఎక్స్ ఆర్ అని ఉండాలి. ఒకే టికెట్ మీద వెళ్తుంటే పెట్టె ఢిల్లీలో మీకు కనబడకుండానే శ్రీనగర్ చేరుతుంది. రెండు విడి టికెట్లు కొన్నట్టయితే ఢిల్లీలో దించుకుని మళ్లీ ఇవ్వాలి. కౌంటర్‌లో ఈ ఒక్క ప్రశ్న నోరు తెరిచి అడగండి. బోర్డింగ్ పాసు వెనక అంటించే చిన్న స్టిక్కరును పెట్టె చేతికి వచ్చేదాకా పారేయవద్దు.

దిగాక బెల్టు ఆగిపోయినా పెట్టె రాకపోతే, లేదా వచ్చిన పెట్టె పగిలి ఉంటే, బయటికి నడిచేయకండి. హాల్లోనే ఎయిర్‌లైన్ బ్యాగేజీ కౌంటర్ ఉంటుంది. అక్కడ ఫిర్యాదు రాయించి, దాని నంబరు ఉన్న కాగితం తీసుకుని, హోటల్ చిరునామా ఇచ్చి అప్పుడు కదలండి. ఆ స్టిక్కరు, ఫోటోలు అప్పుడే పనికొస్తాయి. అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె దెబ్బతింటే అందిన నాటి నుంచి 7 రోజుల్లోగా, ఆలస్యంగా అందితే 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ గడువు దాటితే పరిహారం అడిగే హక్కు పోతుంది.